మూత మూయొద్దన్నారు

“ముయ్యకు!” వదిన పరుగున వచ్చి లాప్‌టాప్ మూతమీద అతని చెయ్యి పట్టుకుంది. “‘మూస్తే కనెక్షన్ తెగిపోతుంది, ఇప్పుడే వస్తా’ అని చెప్పే కదా మీ అన్నయ్య ఆస్పత్రికెళ్ళింది!”

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఆఫీసు. అన్నయ్య పోయి నెల దాటింది. ఆఫీసు లాప్‌టాప్ తీసుకెళ్ళడానికి తమ్ముణ్ణే పంపారు. నల్లటి తెరమీద, అన్నయ్య ఒక్క కమాండ్ కొట్టి దూరాన ఉన్న సర్వర్‌లోకి వెళ్ళిన దారి ఇంకా తెరిచే ఉంది.

“ఛార్జర్ తియ్యలేదా వదినా?”

“ఎలా తీస్తాను? ఇది నిమిషానికోసారి ‘ఉన్నావా’ అని అడుగుతుందట. అటునుంచి సర్వర్ ‘ఉన్నా’ అంటుందట. ఆయనే చెప్పారు.”

“అందుకే సర్వర్ లోపల ఉన్నవాళ్ళ జాబితాలో అన్నయ్య పేరు మాకు రోజూ కనిపిస్తోంది. ఆ పేరు తీసెయ్యమన్నారు ఆఫీసులో. నాకే చేతులు రాలేదు.” తల దించుకున్నాడు. “ఇవాళ ఆ సర్వర్‌నే ఆపేస్తున్నారు.”

ఆమె కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది.

“బయటికి రావాలంటే ఆయన ఏం కొట్టేవారు?”

“ఎగ్జిట్.”

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. కనెక్షన్ ముగిసిందని తెరమీద ఒక వరుస వచ్చింది. అతను మూతమీద చెయ్యి వెయ్యబోయాడు.

“ఉండు. ఆస్పత్రిలో ఆయన కళ్ళు నర్సు మూసేసింది. ఇదైనా నన్ను మూయనీ.”