పావు తక్కువ మూడు

"సగానికి పావు కలిపితే ఎంతే?"

"ఆరింట రెండు, టీచర్!"

నెల కిందట తన బంతితో తనే పగలగొట్టిన కిటికీ పక్కన నిలబడి గడుగ్గాయి ఠక్కున చెప్పింది. తప్పు జవాబుని అంత ధైర్యంగా చెప్పగల పిల్ల ఐదో తరగతిలో ఇంకొకతె లేదు.

మిగతావాళ్ళు చెప్పిందీ అదే, కాస్త గొంతు తగ్గించి.

పైనున్న ఒకట్లని పైన కూడారు. కిందున్న రెండునీ నాలుగునీ కింద కూడారు. పని శుభ్రంగానే ఉంది, లెక్కే సర్వనాశనం.

పెద్ద టీచరమ్మ తల పట్టుకుంది.

మర్నాడే ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఈసారి కూడా భిన్నాలు రాకపోతే ఐదో తరగతిని ఎత్తేసి పక్క బడిలో కలిపేస్తానని పోయినసారే చెప్పి వెళ్ళాడు. లెక్కల మాస్టారేమో కాలు విరిగి మంచంమీద ఉన్నాడు. ఆయన బదులు ఎవరినైనా పంపమని పై ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాసినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అమ్మా, ఐదో తరగతి..." గుమ్మంలోంచి ఎవరో అన్నారు.

చెవిమీద పెన్సిలు, భుజాన సంచి, నలిగిన చొక్కా. మాస్టారని మొహానే రాసి ఉంది.

"హమ్మయ్య, ఇప్పటికి దయ కలిగిందా? రండి, ఇదే."

"అది కాదమ్మా, నేను..."

"సంతకాలూ అవీ తర్వాత. సగానికి పావు కలిపితే ఆరింట రెండంటున్నారు వీళ్ళు. ముందు ఆ సంగతి చూడండి."

"ఆరింట రెండా!" అతను గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "అలా కొలిస్తే కొంప మునుగుతుందమ్మా."

"మునుగుతోందనే చెబుతున్నా!" అని ఆవిడ చక్కా వెళ్ళిపోయింది. ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినే అలవాటు ఆవిడకి ఉద్యోగంలో చేరిన కొత్తలోనే పోయింది.

అరగంటకి ఐదో తరగతిలోంచి నవ్వులు. ఆవిడ తలుపు చాటున నిలబడి చూసింది.

నేలమీద టేపు పరిచి ఉంది. దాని చుట్టూ పిల్లలు బోర్లా పడుకుని ఉన్నారు.

"ఇది అడుగు పొడవు కాగితం. సగానికి మడిచావు. ఇంకోటి పావుకి మడిచావు. రెండూ టేపు పక్కన వరసగా పెట్టు. ఎంతదాకా వచ్చింది?"

"ముప్పావు!"

"మరి నీ ఆరింట రెండు ఏదీ? మూడో కాగితం ఆరు మడతలు పెట్టి, రెండు మడతలు చూడు."

గడుగ్గాయి చూసి కళ్ళు పెద్దవి చేసింది. "ఇది సగం కన్నా పొట్టిగా ఉందేంటి బాబాయ్?"

"అదే నేనూ అడుగుతున్నా. అరచెంబు నీళ్ళలో ఇంకో పావుచెంబు పోస్తే నీళ్ళు తగ్గుతాయా? నీ చెంబుకేమైనా చిల్లుందా?"

తరగతి గొల్లుమంది.

తర్వాత బెంచీ కొలిచారు. నల్లబల్ల కొలిచారు. గడుగ్గాయి బెంచీ ఎక్కి, మునివేళ్ళమీద నిలబడి కిటికీ కొలిచింది.

"ఎత్తూ వెడల్పూ రెండూ పావు తక్కువ మూడు అడుగులే!"

"అంకెల్లో రాయి."

ఆ పిల్ల నాలుక బయటపెట్టి, నోటుపుస్తకంలో కాగితం చింపి, రెండు రాసి పక్కనే బుల్లి ముప్పావు రాసింది.

"మిశ్రమ భిన్నం అంటే ఇదేనా? ఇది మా అమ్మ రోజూ అనేదేగా!"

"అదే. పుస్తకంలోకి వెళ్ళేటప్పుడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుంది, అంతే."

ఇక టీచరమ్మ ఆగలేకపోయింది.

"ఇది తరగతా, సంతా? పిల్లలు బెంచీలెక్కడమేమిటి? మాస్టార్ని పట్టుకుని బాబాయనడమేమిటి?"

"కొలతలు అయిపోయాయమ్మా. మళ్ళీ వచ్చి..."

"మళ్ళీ రానక్కర్లేదు!"

అతను గడుగ్గాయి ఇచ్చిన కాగితం జేబులో పెట్టుకుని, టేపు చుట్టుకుని, పిల్లలకి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు కుర్చీలో సర్దుకుని అడిగాడు, "సగానికి పావు కలిపితే?"

ముప్పై చేతులు లేచాయి.

"ముప్పావండీ!" అంది గడుగ్గాయి. "కొందరు ఆరింట రెండంటారు. వాళ్ళ చెంబుకి చిల్లు."

ఇన్‌స్పెక్టరు పొట్ట పట్టుకుని నవ్వి, ఐదో తరగతి ఎక్కడికీ పోదని రాసి సంతకం పెట్టాడు.

ఆయన బండి కదిలిందో లేదో టీచరమ్మ పై ఆఫీసుకి ఫోను చేసింది.

"నిన్న పంపిన మాస్టార్ని మా బడికే ఇచ్చేయండి. నేనే కాస్త తొందరపడి..."

"ఏ మాస్టారండీ? మేమెవర్నీ పంపలేదే! మీ ఉత్తరాలు ఇంకా విప్పనే లేదు."

ఆవిడ ఫోను పెట్టేసి, హాజరు పట్టీలో నిన్నటి సంతకం కోసం వెతికింది.

అంతలో గోనెపట్టా చుట్టిన అద్దం పట్టుకుని ఒకామె గుమ్మంలోకి వచ్చింది. "కిటికీకమ్మా."

"ఇన్నాళ్ళకా! కొలతలకి మనిషిని పంపమని నెల నుంచి మొత్తుకుంటున్నా. కొలవకుండా కోసుకొస్తే ఎలా పడుతుంది?"

ఆమె ఐదో తరగతిలోకి వెళ్ళి అద్దాన్ని కిటికీ చట్రంలో నిలబెట్టింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఈ కొలతేగా?" అని కొంగుముడి విప్పి మడిచిన కాగితం చేతిలో పెట్టింది.

వంకర అంకెలు. రెండు, పక్కనే బుల్లి ముప్పావు.

"ఇది... నీకెవరిచ్చారమ్మా?"

"మా ఆయనే. తనే వచ్చేవాడమ్మా, మీరు మళ్ళీ రావద్దన్నారటగా. 'చిన్నప్పుడూ ఐదో తరగతి నుంచే పొమ్మన్నారు, ఇప్పుడూ అక్కణ్ణించే పొమ్మన్నారు' అని నవ్వుకుంటూ నన్ను పంపాడు."