హిట్ల గడిలో సున్నా

బంతి చిన్న రాయికి తగిలి ఎగిరింది. ఫీల్డర్ భుజం మీదుగా దూసుకుపోయింది.

కుసునోకి కాగితం మీద 'హిట్' అని రాసి, ఫోనెత్తి చెప్పాడు.

మైదానం అవతల స్కోరు బోర్డు మీద పచ్చ దీపం వెలిగింది.

పన్నెండు వేల మంది ఉసూరుమన్నారు.

బేస్‌బాల్ ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్; అది ఎనిమిదోది. ఈ ఊరి కుర్రాడు ఇవాసే అప్పటిదాకా ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా బంతులు విసిరాడు. హిట్ అంటే ఫీల్డర్ తప్పేమీ లేకుండా బ్యాటర్‌ని బేస్ చేర్చిన దెబ్బ. ఆట అలాగే ముగిస్తే ఏ పిచ్చర్‌కైనా జన్మకంతటికీ అదే గొప్ప. ఫీల్డర్ పొరపాటైతే ఆ గొప్ప నిలుస్తుంది. దానికి ఎర్ర దీపం.

ఏ దీపమో చెప్పాల్సింది లీగ్ తరఫున ఆట లెక్క రాసే కుసునోకి. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు.

తలుపు దబదబా మోగింది.

జనం కూర్చునే మెట్ల కింద గది, అగ్గిపెట్టెంత. ఉన్నది ఒకటే తలుపు. దాంట్లోంచి క్లబ్ మేనేజరు, మేయరు గారి కార్యదర్శి, ముగ్గురు విలేకరులు లోపలికి దూరారు. ఫ్యాను గాలి వాళ్ల వీపులు దాటి రావడం లేదు.

"కళ్ళున్నాయా బాబూ? అది ఫీల్డర్ పొరపాటు!"

"రాయి తగిలిందండీ."

"ఎక్కడ, నీ నెత్తికా?"

విలేకరులు పకపకా నవ్వారు.

"నీ రైలు రేపు పొద్దున కదూ?" అన్నాడు కార్యదర్శి మెత్తగా. "రాత్రి ఈ ఊళ్ళోనే పడుకోవాలి మరి."

పైన జనం కాళ్ళతో దడదడలాడిస్తున్నారు. గోడలు అదురుతున్నాయి.

కుసునోకి మళ్ళీ ఫోనెత్తాడు.

"బోర్డా? ఎర్ర దీపం వెయ్యి. ఫీల్డర్ పొరపాటు."

అవతల బోర్డు దీపాలు వేసే మనిషి ముసలి గొంతు. పొద్దుటినుంచి 'సరే సార్' తప్ప ఇంకో మాట అనని గొంతు.

"రాయి తగిలింది సార్. కంతలోంచి చూశాను. మీరు ముందు వేయించిందే నిజం."

"నిన్ను చూడమన్నదెవరు? వెయ్యి."

"అది హిట్టే సార్."

ఐదుగురూ తన నోటి వంకే చూస్తున్నారు. కుసునోకికి ఒళ్ళు మండింది.

"ఈ ఊరి తిండి తింటూ ఈ ఊరి కుర్రాడి మీద నీకెందుకయ్యా అంత కడుపుమంట?"

"కడుపుమంటేం లేదు సార్."

పచ్చ దీపం ఆరింది. ఎర్ర దీపం వెలిగింది. ఊరు ఊరంతా లేచి గంతులేసింది.

మిగిలిన నలుగురు బ్యాటర్లనీ ఇవాసే చకచకా ఔట్ చేశాడు. కుసునోకి హిట్ల గడిలో సున్నా చుట్టి, కింద తన ముద్ర వేశాడు.

ఫోన్ మోగింది.

"లెక్క పేపర్లకి పంపేశారా సార్?"

"పంపేశాను."

"సరే అయితే."

మర్నాడు సత్రంలో మిసో సూప్ పక్కన పేపరు పెట్టారు. ఇవాసే ఫోటో కింద తను రాసిన పట్టికంతా ఉంది, సున్నాతో సహా. సూప్ అలాగే వదిలేసి లేచాడు.

రైలుకి ఇంకా గంట టైముంది. ఆ పెద్దాయనకి కనీసం ఒక మాటైనా చెప్పాలి.

బోర్డు వెనక ఇనుప నిచ్చెన ఎక్కాడు. లోపల నడుం ఎత్తే చోటు లేదు. రేకులు అప్పుడే కాలుతున్నాయి. మైదానం వైపు బెత్తెడు కంత. నడివయసు మనిషి ఒకడు ఆటగాళ్ళ పేర్ల పలకలు తుడుస్తున్నాడు. ఫోన్లో విన్న ముసలాయన ఇతను కాదు.

"నిన్న ఇక్కడున్న పెద్దాయన ఏరీ?"

"గెంజో మామా? రాత్రే తాళాలు అప్పజెప్పేశాడు సార్. ఇక రాడట."

"ఎందుకని?"

"చెప్తేగా! పదహారేళ్ళు ఈ డబ్బాలో ఉడికాడు, ఒక్క రోజు నాగా లేదు." అతను 'ఇవాసే' అన్న పలక మీద దుమ్ము ఊది, మెల్లగా పక్కన పెట్టాడు. "సొంత కొడుకు ఒక్క హిట్టూ ఇవ్వకుండా గెలిచిన రోజే పని మానేసిన మనిషిని ఈయన్నే చూశాను సార్!"