కిచ్చు కళ్ళు

ఆ పొద్దున కూడా కిచ్చు గోడవైపు తిరిగి ఉంది.

ఒక్క పెట్టె కాదు. అడుగు అరలో ఉన్నవన్నీ, దాని పై అరలో ఉన్నవన్నీ షాపుకి వీపు పెట్టి నిలబడ్డాయి. బొమ్మ వెనక్కి పోయింది. చక్కెర ఎంత, ఉప్పు ఎంత అని చీమతలకాయంత అక్షరాలతో అచ్చేసిన పట్టిక ముందుకొచ్చింది. దాన్ని చూసి ఏ పిల్ల మారాం చేస్తుంది? పిల్ల మారాం చెయ్యకపోతే ఏ తల్లి కొంటుంది?

ఆర్టిస్టుకి ఒళ్ళు మండిపోయింది. కిచ్చు అతను గీసిన ఉడుత. పొద్దున్నే పాలల్లో వేసుకు తినే పిల్లల ఫ్లేక్స్ అమ్మిపెట్టడం దాని పని. తోక కుదరడానికే చాలా కాగితాలు చింపాడు గానీ, గొప్పంతా దాని కళ్ళలో ఉంది. అవి పెద్దవాళ్ళను లెక్కచెయ్యవు. కాస్త కిందికి, సరిగ్గా చిన్నపిల్ల ముఖం ఉండే ఎత్తుకి చూస్తాయి.

మొదటి పెట్టె ఇంటికి తెచ్చి కూతురి మీదే పరీక్షించాడు. "చూడు, నిన్నే చూస్తోంది. ఎక్కడున్నా నీ ముఖం చూస్తే చాలు, తిన్నావో పారబోశావో దానికి తెలిసిపోతుంది. వచ్చి నాకు చెప్పేస్తుంది," అన్నాడు. అన్నం దగ్గర గంటసేపు ఏడిపించే పిల్ల కిక్కురుమనలేదు. ఫ్లేక్స్ గిన్నెలో వేసి, పెట్టె అలమరాలో పెట్టి అతను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి గిన్నె ఖాళీ. ఆ రోజు నుంచి రోజూ ఖాళీయే. కళ్ళంటే అవీ అని మురిసిపోయాడు.

ఆఫీసులో మాత్రం మురిసేవాళ్ళు లేరు. కంపెనీ కొత్త సరుకును ముందుగా అతని ఇంటి సందు చివరి షాపులోనే పెట్టి చూస్తోంది. అక్కడ పెట్టెలు కదలడం లేదు.

"నీ సందులోనే నీ ఉడుతకి దిక్కులేదు. ఈ నెలాఖరుకి అమ్మకాలు లేవకపోతే అది చెట్టెక్కుతుంది, నువ్వు ఇంట్లో కూర్చుంటావు," అన్నాడు మేనేజరు.

దొంగ ఎవరో ఆర్టిస్టుకి తెలుసు. పక్క అర ఓట్స్ కంపెనీది. దాని సేల్స్‌మన్‌ను అందరూ నిచ్చెన అంటారు, అంత పొడుగు. రోజూ పొద్దున్నే వచ్చి తన సరుకు సర్దుకుంటాడు. మొదట్లో ఇద్దరూ నవ్వుకునేవారు. ఇప్పుడు ఒకర్నొకరు చూసి పళ్ళు నూరుకుంటున్నారు.

షాపు యజమాని ఎవరి పక్షమూ పట్టలేదు. కెమెరా ఉన్నది గల్లాపెట్టె మీద ఒక్కటే అన్నాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడనీ, పనివాళ్ళకు నిచ్చెన టీలు పోయిస్తున్నాడేమో చూసుకోమనీ ఆర్టిస్టు ఎత్తిపొడిచాడు. దాంతో పనివాళ్ళు కూడా అతన్ని చూస్తే మొహం తిప్పేసుకోవడం మొదలుపెట్టారు.

"రోజూ పొద్దున్నే ఆ షాపుకే వెళ్తావుగా, ఓ కన్నేసి ఉంచు," అని భార్యకు చెప్పాడు.

"పాల దగ్గర క్యూ, పక్కన పిల్ల, బడికి టైము. పైగా మీ పెట్టెలకు కాపలా కూడానా?" అని ఆవిడ విసుక్కుంది.

ఇక లాభం లేదని పెట్టెనే మార్చేశాడు. నాలుగు పక్కలా కిచ్చు. ఎటు తిప్పినా అవే కళ్ళు. చక్కెర పట్టికను తీసుకెళ్ళి అడుగున దాచేశాడు. ఖర్చు చూసి మేనేజరు తిట్టాడు, అయినా సంతకం పెట్టాడు. కొత్త పెట్టెలు అరల్లోకి ఎక్కిన రోజు ఆర్టిస్టు హాయిగా నిద్రపోయాడు. ఇప్పుడు తిప్పుకో, ఎంత తిప్పుకుంటావో.

మర్నాడు యజమాని ఫోన్ చేసి, కిచ్చు మళ్ళీ కనబడడం లేదన్నాడు. ఆ పై రోజు షాపు తెరవగానే ఆర్టిస్టు వెళ్ళి చూశాడు. కింది రెండు అరల ముందు ఓట్స్ పెట్టెలు గోడ కట్టినట్టు నిలబడి ఉన్నాయి. ఆ చివర ఒక్కటి తప్ప కిచ్చు మీసం కూడా కనబడడం లేదు. పై అరల్లో మాత్రం ఎవరూ ముట్టుకోని ఉడుతలు నవ్వుతున్నాయి. ఆ గోడ దగ్గరే ఓట్స్ పెట్టె చేతిలో పట్టుకుని నిచ్చెన.

ఆర్టిస్టు వెళ్ళి అతని కాలర్ పట్టుకున్నాడు.

"దొరికావురా. నా బతుకు మీద కొట్టడానికి నీకు ఎంతిస్తున్నారు?"

"చెయ్యి తియ్యి. నా పెట్టెలు నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరో లాక్కొచ్చి ఇక్కడ పడేస్తున్నారు. నువ్వే అనుకున్నాను."

"నా బొమ్మను నేనే దాచుకుంటానా?"

"మరి నేనా? నడుముకి పట్టీ కట్టుకుని తిరుగుతున్నాను. తిప్పాలనుకుంటే నా ముఖానికి ఎదురుగా ఉన్నవి తిప్పనా? నేల మీద పాకి అడుగువి తిప్పుతానా?"

ఆర్టిస్టు గొంతు పెంచాడు. ఉద్యోగం పోతే నీ ఇంటిముందు కూర్చుంటానన్నాడు. నలుగురూ పోగయ్యారు. పాల క్యూలో ఉన్నవాళ్ళు కూడా మెడలు సాచి చూస్తున్నారు. అందులో అతని భార్య కూడా ఉంది.

అప్పుడు అర ఆ చివర్న ఏదో నేల మీద ఈడుస్తున్న చప్పుడైంది. అందరూ అటు తిరిగారు. ఆర్టిస్టు చెయ్యి కాలర్ మీదే ఉండిపోయింది.

అతని కూతురు ఓట్స్ పెట్టెను రెండు చేతులా వాటేసుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ అడుగు అర దగ్గరకి లాక్కొస్తోంది. నాన్న గొంతు విని తలెత్తింది. అతని ఎర్రబడ్డ ముఖం చూసింది, దాచడానికి ఇంకా మిగిలిన ఒక్క కిచ్చును చూసింది. పెట్టె వదిలేసింది.

"పాలూ ఫ్లేక్సూ రోజూ సింకులో పోసేస్తున్నానని కిచ్చు నీకు అప్పుడే చెప్పేసిందా నాన్నా?"