మందుల గది కిటికీ

"ఆ కిటికీ మూస్తేగానీ ఈ వార్డు బాగుపడదు," అన్నాడు కొత్త మేనేజరు, మీటింగు మొదలుపెడుతూనే.

బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వార్డుకీ మందుల గదికీ మధ్య గోడలో ఓ చిన్న కిటికీ ఉంది. ఇటు నుంచి పెద్ద సిస్టర్ మందులు అడుగుతుంది. అటు నుంచి మందులాయన ట్రేలు తోస్తాడు. ఊరికే తొయ్యడు, ట్రేకో తిట్టు జతచేసి తోస్తాడు. ఆవిడేమన్నా తక్కువ తిందా? వడ్డీతో సహా తిరిగి ఇచ్చేస్తుంది. ఈమధ్య ఆ గోలలోనే రెండు ట్రేలు తారుమారయ్యాయి. ఒకరి గుండె మాత్రలు పక్క మంచం ముసలాయన నోటిదాకా వెళ్ళాయి. "నాది తెల్ల మాత్ర కదమ్మా, ఇదేంటి ఎర్రగా ఉంది?" అని ఆయనే అడగబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రమే ఛైర్మన్ మేనేజరుని పిలిచాడు. "ఇంకోసారి ఇలా జరిగితే ముందు ఇంటికెళ్ళేది నువ్వే," అన్నాడు.

అందుకే మేనేజరు పనులన్నీ మానుకుని కొన్నాళ్ళపాటు ఆ కిటికీ పక్కనే కాపలా కాశాడు.

"నా చెవులతో విన్నదే చెప్తున్నా," అన్నాడిప్పుడు. "'బీపీ ఉన్న మనిషి అలా గొంతు చించుకోకూడదని తెలీదా, ఇంత చదువు ఎందుకు చదివినట్టు?' ఇది సిస్టర్‌గారి మాట. 'ముందు షుగరు మాత్ర ఎగ్గొట్టి తిరిగేవాళ్ళ సంగతి చూసుకోమను.' ఇది ఈయనగారి జవాబు. మందులిచ్చే చోట ఇవేం మాటలండీ? పైగా తాళాల గొడవొకటి! 'తాళాలేవి?' అని ఆవిడ. 'ఎదురుగా పెట్టాను, కళ్ళు నెత్తికెక్కాయా?' అని ఈయన. మందుల బీరువా తాళాలు కిటికీలో పడేస్తారా ఎక్కడన్నా?"

టీలు అందిస్తున్న ఆయా నోరు తెరవబోయింది. "అవి బీరువావి..."

"నువ్వాగమ్మా," అన్నాడు.

తర్వాత ప్లాను విప్పాడు. వార్డులో కంప్యూటర్లో మందులు రాస్తారు. అటుపక్క మందులాయన చూసుకుంటాడు. పేషెంటు పేరున్న డబ్బాల్లో సర్ది బండి మీద పంపిస్తాడు.

"ఎవరూ ఎవరితోనూ మాట్లాడే పనే లేదు. ఒకరి మొహం ఒకరు చూసే పని అంతకన్నా లేదు!" అని, బల్లకి ఆ కొసనా ఈ కొసనా కూర్చున్న ఇద్దరి వైపూ చూశాడు. దండం పెడతారనుకున్నాడు.

"నేనొప్పుకోను," అంది పెద్ద సిస్టర్.

"కుదరదు," అన్నాడు మందులాయన.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. మేనేజరుకి మతిపోయింది.

"కంప్యూటరంటే భయమా?" అన్నాడు వెటకారంగా.

"మీకన్నా బాగానే వచ్చు," అంది ఆవిడ. "కంప్యూటర్ పెట్టుకోండి. డబ్బాలు పెట్టుకోండి. కావాలంటే బండి నేనే తోస్తాను. ఆ కిటికీ జోలికి మాత్రం రాకండి."

"డబ్బాలొచ్చాక కిటికీ ఎందుకు? గాలికా?"

మేనేజరు మందులాయన వైపు తిరిగాడు.

"మీకేమైందండీ? రోజూ ఆవిడతో చివాట్లు తినకపోతే అన్నం అరగదా?"

"అరగదు," అన్నాడు మందులాయన. "ఇక్కడ కూడా నోరు మూసుకోమంటే ఇంక మా నోళ్ళెందుకు?"

చిన్న డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "సార్, మీరు కొత్త. వీళ్ళిద్దరూ..."

"తెలుసు డాక్టర్‌గారూ, ఉప్పూ నిప్పూ! అందుకేగా మధ్యలో గోడ కడుతోంది!"

తన జోకుకి తనే నవ్వుకున్నాడు. ఇంకెవరూ నవ్వలేదు.

పెద్ద సిస్టర్ కుర్చీ వెనక్కి తన్ని లేచింది. "నిన్నగాక మొన్న వచ్చారు. రోగమేంటో కనుక్కోకుండా కత్తి పట్టారు," అని తలుపు ధడేలుమనిపించి పోయింది. మందులాయన రెండో తలుపులోంచి పోయాడు, "ఆ గోడ కూలిపోను!" అని శాపనార్థాలు పెడుతూ.

మేనేజరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడికక్కడే తాపీమేస్త్రీకి ఫోన్ చేశాడు.

మర్నాడు మందులాయన డ్యూటీకి వచ్చేసరికి కిటికీ లేదు. పచ్చి సిమెంటు ముందు జేబులో చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మేనేజరు వైపు కొరకొరా చూశాడు. మందుల గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు వార్డులో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. డబ్బాలు ఠంచనుగా వచ్చాయి. ఒక్క మాత్ర తేడా రాలేదు. మేనేజరు ఛైర్మన్‌కి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం డ్యూటీలు మారాయి. కొత్త సిస్టర్లు వచ్చారు, పాతవాళ్ళు వెళ్ళారు. పెద్ద సిస్టర్ ఒక్కతే బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఆ గోడ ముందు బెంచీ మీద కూర్చుంది. పొద్దువాలినా కదల్లేదు.

అటుగా వచ్చిన మేనేజరుకి ఒళ్ళు మండింది.

"ఏం సిస్టర్, ధర్నానా? డ్యూటీ ఎప్పుడో అయిపోయింది, ఇంటికెళ్ళండి!"

"ఇంటి తాళాలు గోడకి అటుపక్క మా ఆయన దగ్గరుండిపోయాయి," అంది పెద్ద సిస్టర్, తడారని సిమెంటు మీంచి చూపు తిప్పకుండా, "ఇంట్లో మేం మాటలు మానేసి ఏళ్ళయింది, ఏదన్నా అడగాలంటే ఆ కిటికీయే."