ఇచ్చేసిన వంతు

“టోకెన్ ఇలా ఇవ్వు తల్లీ, నీ మాట కూడా నేనే చెబుతాను,” అన్నాడు అందరూ మాస్టారంటున్న పెద్దాయన.

బొత్తాలక్క గుప్పిట విప్పలేదు. దుకాణంలో చొక్కాలకు బొత్తాలు కుట్టే పని ఆమెది, ఆ పేరు వీధి పెట్టింది. టోకెన్ తీసుకుందే గానీ ధైర్యం చాలడం లేదు. మైకు ముందు మాట్లాడటమంటే మాటలా మరి.

బడి సంగతి బడిలోనే తేల్చాలని మునిసిపాలిటీ వాళ్లు బడ్జెట్ మీద ప్రజాభిప్రాయ సేకరణ ఇక్కడి పెద్ద గదిలోనే పెట్టారు. ఖర్చు తగ్గించడానికి ఈ బడి మూసేసి, పిల్లల్ని రైలుపట్టాల అవతలి బడిలో కలుపుతారట. కాదనేవాళ్లు టోకెన్ తీసుకుని మాట్లాడాలి. మాట్లాడటం రానివాళ్లు తమ వంతు ఇంకొకరికి ఇవ్వొచ్చు, ఆ సమయం వాళ్లకి కలుస్తుంది. పన్నెండింటికి మైకు కట్టేస్తారు. ఆలోగా చెప్పని అభ్యంతరం అభ్యంతరమే కాదు.

“నాది ఒక్క మాటేనండీ,” అంది బొత్తాలక్క. “మా పిల్ల ఎడమకాలు ఈడుస్తుంది. పట్టాల మీద ఆ మెట్ల వంతెన ఎక్కలేదు. బడి మూస్తే మూశారు, దానికి ఆటో అయినా పెట్టమనండి.”

“అది చెప్పకుండా ఎలా ఉంటాను?” మాస్టారు కిటికీ పక్క బెంచీని అరచేత్తో నిమిరాడు. “నేను ఓనమాలు దిద్దింది ఈ బడిలోనే. ఇదిగో, ఇక్కడే కూర్చునేవాణ్ణి.”

పక్కనుంచి వదిన మోచేత్తో పొడిచింది. “ఇచ్చెయ్యవే. మైకు ముందు నువ్వు నీళ్లు నములుతావు. ఆయన నోరు తెరిస్తే రాళ్లు కరుగుతాయట. మేమంతా ఇచ్చేశాం.”

బొత్తాలక్క గుప్పిట విప్పింది. టోకెన్ చెమటకి తడిసిపోయి ఉంది.

మాస్టారు లేవగానే అటెండరు అడక్కుండానే గ్లాసుతో వేడినీళ్లు తెచ్చి మైకు పక్కన పెట్టాడు. ఆఫీసువాళ్లకి కూడా ఎంత గౌరవమో అనుకుని బొత్తాలక్క కుదుటపడింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా.

నిజంగానే రాళ్లు కరిగాయి. మాస్టారు, వాళ్లమ్మ తనని గేటు దగ్గర నిలబెట్టి తల దువ్వడం, వానకి కారే కప్పు కింద పలకలు అడ్డం పెట్టుకోవడం, చెవి మెలేసిన పంతులుగారే జ్వరమొస్తే భుజాన మోసుకెళ్లి ఇంట్లో దింపడం, ఇలా ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. వదిన వెక్కివెక్కి ఏడ్చింది. అంతకుముందు మాట్లాడిన వాళ్లకి నోరు తెరిచీ తెరవకముందే గంట కొట్టిన చైర్మన్ ఇప్పుడు గంట పక్కకి జరిపి జేబురుమాలు తీశాడు. బొత్తాలక్క కూడా ఏడ్చింది. ఏడుస్తూనే, ఇదిగో ఇప్పుడు పిల్ల కాలి సంగతికి వస్తాడని చెవులు రిక్కించి కూర్చుంది.

మాస్టారు ఆనాటి బడిగంట ఎంత తియ్యగా మోగేదో చెబుతుండగా చైర్మన్ గంట మోగింది. పన్నెండయింది.

“మాస్టారి మాటలు మా గుండెల్లో రాసుకున్నాం,” అన్నాడు చైర్మన్. “అందరి వంతులూ అయిపోయాయి. అభ్యంతరాలేవీ రాలేదు కాబట్టి పద్దు ఆమోదిస్తున్నాం.”

బొత్తాలక్క పరుగెత్తి వరండాలో మాస్టారిని అందుకుంది. “మాస్టారూ, మా పిల్ల కాలు...”

“అయ్యో తల్లీ.” ఆయన నెత్తి కొట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు ఇంకా ఆరలేదు. “ముసలి బుర్ర. ఈ గోడలు చూసేసరికి ఒళ్లు తెలియలేదు.”

“పోనీలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు,” అని ఆమే ఆయన్ని ఓదార్చి పంపింది.

బడికి తాళం పడింది. రోజూ పొద్దున్నే పిల్లని వీపున వేసుకుని వంతెన ఎక్కడం బొత్తాలక్క వంతయింది. దుకాణానికి ఆలస్యంగా వెళ్లి మాటలు పడేది. పిల్లలు బరువెక్కకుండా ఉంటారా. ఒకరోజు వంతెన మధ్యలో ఆగి రొప్పుతుంటే మెడ దగ్గర పిల్ల గొంతు వినిపించింది. “బడి మానేస్తాలే అమ్మా. నీకు నడుం నొప్పి కదా.”

ఆమె పిల్లని పైకి సర్దుకుని మళ్లీ అడుగేసింది. నోరుండి కూడా ఆరోజు మూగదానిలా కూర్చున్నందుకు తనని తాను తిట్టుకుంది.

ఏడాది తిరిగి మళ్లీ బడ్జెట్ వచ్చింది. ఈసారి పట్టాల అవతలి బడిని కూడా మూసి, ఊరి చివర లారీల రోడ్డు దాటాక ఉన్న బడిలో కలుపుతారట. ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఆ అవతలి బడిలోనే.

బ్రహ్మదేవుడు దిగొచ్చి అడిగినా టోకెన్ ఇవ్వకూడదని బొత్తాలక్క ఒట్టు పెట్టుకుంది. బొత్తాలు కుడుతూ చెప్పాల్సింది వల్లించింది. తడబడిన చోటల్లా పిల్ల దిద్దింది. ఆ రోజు పిల్లని మోసుకుంటూ వంతెన దిగి వచ్చేసరికి గది కిక్కిరిసిపోయి ఉంది. గుమ్మం దగ్గరే పిల్లని దించి టోకెన్ చూపించింది.

“కంగారు పడకు, నీకు ముందు ఒక్కళ్లే ఉన్నారు,” అంది గుమ్మంలో నిలబడ్డ ఒకామె.

బొత్తాలక్క ఊపిరి పీల్చుకుంది. తలల మధ్యనుంచి మైకు కనబడటం లేదు. మా బడికి ఏడవడానికైనా ఒక మాస్టారు ఉన్నాడు, పాపం ఈ బడికి ఎవరున్నారు, ఇక నేనే చెప్పాలి అనుకుంటూ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లోపల మైకు గరగరలాడింది.

“నేను ఓనమాలు దిద్దింది ఈ బడిలోనే.”