చెప్పుల దగ్గర తుపాకీ

నరసింగరావుకి తుపాకీ లైసెన్సు ఉంది. సెన్సుకి మాత్రం ఊళ్లో ఎవరూ పూచీ పడరు.

చేలో పడే అడవి పందుల కోసం ఇచ్చిన లైసెన్సది. ఇన్నేళ్లలో పందొక్కటీ పడలేదు. తుపాకీ భుజాన వేసుకుని ఆయన పెట్టే ఫోజులకి మాత్రం చుట్టుపక్కల ఊళ్లన్నీ పడిపోయాయి.

2014 ఎన్నికలొచ్చాయి. తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలని నోటీసు. ఆవేళే ఆఖరు.

తుపాకీని చాపలో చుట్టి, భార్య గురమ్మనీ అయిదేళ్ల మనవరాలు ఝాన్సీనీ వెంటేసుకుని, సర్వీసు ఆటోలో నెల్లిమర్ల ఠాణాకి బయల్దేరాడు.

దారిలో రామతీర్థంలో దిగాడు, దేవుడికో దండం పెట్టి పోదామని.

గుడిలోకి తుపాకీ కూడదన్నారు.

"రాముడు విల్లుచ్చుకుని నిలబడొచ్చు, నాను తుపాకీ పట్టుకెళ్తే తప్పొచ్చిందేటి?" అని గునుస్తూ చెప్పుల స్టాండుకి వచ్చాడు.

స్టాండులో ఈమధ్యే చేరిన ముసలాయన ఉన్నాడు. పేరు అప్పలసూరి.

"చెప్పుల్తోపాటు ఇదీ ఉంచు. టోకెనియ్యి."

అప్పలసూరి రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు బాబూ, నాకాడ ఎట్టకండి. ఒకరి తుపాకీ ఇంకొకరికాడ ఉండకూడదు. సట్టం ఒప్పదు."

"చెప్పులోడివి, చెప్పింది చెయ్యి. చట్టం చెప్పకు."

"పోనీ, తూటా తీసినారా?"

"తీసెయ్యడానికి అదేమన్నా పప్పులో కరివేపాకేటోయ్!"

మోకాళ్ల నొప్పులతో గురమ్మ బల్ల మీద చతికిలబడింది. పిల్లని ఆవిడ దగ్గర వదిలి, చాప చుట్టని బల్ల కిందికి తోసి, నరసింగరావు లోపలికి నడిచాడు.

హారతి కళ్లకద్దుకుంటూ ఉండగా బయట ఢామ్మంది.

ఆయన గుండె జారి అరికాళ్లలోకొచ్చింది. అవే అరికాళ్లతో పరిగెత్తుకొచ్చాడు.

స్టాండంతా పొగ. పైన రేకుకి చిల్లులు. గురమ్మ ఒళ్లో ఝాన్సీ గుక్కపట్టి ఏడుస్తోంది.

తుపాకీ అప్పలసూరి చేతుల్లో ఉంది.

"దొంగనాకొడకా! నా తుపాకీ ముట్టుకుంటావా!"

చెంప ఛెళ్లుమంది. రెండోదీ పడింది.

అప్పలసూరి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ఎన్నికల తనిఖీకని రోడ్డు మీదున్న ఎస్సై జీపు దిగి పరిగెత్తుకొచ్చాడు.

"పట్టుకోండి సార్, తుపాకీ దొంగ! కొద్దిలో మా గుంటని సంపేసేవోడే!" నరసింగరావే జబ్బ పట్టి ముందుకి తోశాడు.

"గుంటకి ఏటీ అవనేదు కదా బాబూ?" అన్నాడు అప్పలసూరి. కాలిన అరచెయ్యి బొబ్బలెక్కుతోంది.

అప్పటికి గురమ్మకి నోరు పెగిలింది.

"ఆయన్ని కొడతావేటయ్యా! నాను కునుకు తీసినాను. గుంట సాప ఇప్పీసింది. గొట్టం మొకం మీద ఎట్టుకుని మీట లాగతంది. ఈ బాబు ఒక్క గెంతు గెంతి గొట్టం పైకెత్తీసినాడు. నేకపోతే నీ మనవరాలు..."

పిల్లని గుండెకి అదుముకుంది.

నరసింగరావు తన చేతికేసి చూసుకున్నాడు. కొట్టిన చెయ్యి.

"సార్, తుపాకీ నాది, తూటా నాది, తప్పూ నాదే. నా మీద రాసుకోండి. ఈయన్ని ఒగ్గీయండి."

"మీ మీద ఎలాగూ రాస్తాను," అన్నాడు ఎస్సై. "మీకు రేపే బెయిలొస్తుంది. ఈయనకి రాదు."

"అదేటి సార్? పిల్లని కాపాడినోడు!"

ఎస్సై అప్పలసూరి చేతిలోంచి తుపాకీని మెల్లిగా, పెద్దవాళ్ల చేతిలోంచి బరువు అందుకున్నట్టు అందుకున్నాడు.

"ఏం పెద్దాయనా, తెలిసే పట్టుకున్నావా?"

"తెలిసే బాబూ," అన్నాడు అప్పలసూరి. తనంతట తనే నడిచి వెళ్లి జీపెక్కాడు.

ఎస్సై నరసింగరావు వైపు తిరిగాడు.

"పద్నాలుగేళ్లు జైల్లో ఉండి, బతికున్నంతకాలం తుపాకీ ముట్టననీ, ముడితే మిగతా బతుకంతా మళ్లీ లోపలేననీ సంతకం పెట్టి, మొన్ననే బయటికొచ్చిన యావజ్జీవ ఖైదీ ఈయన."