వాడిన ఆయనను చూపించాలట

“మిషన్ ఆన్ చేసి తియ్యాలె వీడియో. ఉత్త ఫొటో చూసి ఎవలు నమ్ముతరమ్మా?” అన్నాడు చందర్.

సారక్క స్విచ్ వేసింది. ఆక్సిజన్ మిషన్ గుర్రుమని మొదలైంది. ముందున్న గాజు గొట్టంలో చిన్న బంతి పైకి లేచి నిలబడింది. చందర్ ఆ బంతినీ, వెనక ఉన్న నంబరునూ, పక్కన పడిన సొట్టనూ వీడియోలో పట్టాడు. సొట్ట దాస్తే పార్శిల్ చేరాక తగాదా తప్పదట. పాత సామాను అమ్మేవాడు లోపం ముందే తన నోటితో చెప్పుకోవాలట. సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేస్తూ, ఖాళీ దొరికితే పాత బండి సామాన్లు ఫోన్లో అమ్మే కొడుకు ఆమెకు ఇలాంటి పాఠాలు పొద్దున్నుంచీ చెబుతూనే ఉన్నాడు.

“పైసలు పంపుతం, ఇది స్కాన్ చెయ్యి అని ఎవలన్న అంటే ముట్టకు. మనకు పైసలు వచ్చేటందుకు పిన్ కొట్టే పని లేదు.”

“అవన్ని నాకెందుకురా. అది జల్దీ పోవాలె. ఆ మూలకు చూసినప్పుడల్లా గుండె గుబులైతంది.”

కొనేది ఏన్కూరు దగ్గరి తండాలో ఉండే జ్యోత్స్న. ఆమె తండ్రి తుల్సీరాంకు ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టుకోవాలని దవాఖానాలో రాసిచ్చారు. కిరాయికి తెచ్చిన సిలిండర్ రేపటిదాకా వస్తే గొప్ప. కొత్త మిషన్ కొనే తాహతు లేదు. తీరా పాతది దొరికాక ఆ పెద్దమనిషి మొండికేశాడు.

“మిషన్ వాడిన ఆయనను చూపిస్తేనే పెట్టుకుంట అంటున్నడక్కా,” అంది జ్యోత్స్న ఫోన్లో. “మనిషి కోలుకున్నడని తన కండ్లతోటి చూడాల్నట. సాయంత్రం బస్సుకు మిషన్ పడకపోతే మా నాయన...”

“వీడియో కాల్ చెయ్యి బిడ్డా. చూపిస్తం,” అంది సారక్క.

ఫోన్ పెట్టగానే చందర్ అడ్డం పడ్డాడు. “వద్దమ్మా. వాళ్ళు అడగంగనె చూపించుడేంది? గిట్ల వీడియోలు అడిగేటోళ్ళల్ల మోసగాళ్ళు గూడ ఉంటరు.”

“ఆ పిల్ల గొంతు ఇన్నవు గద. మోసమోళ్ళ గొంతేనా అది?”

చందర్ కుర్చీ తెచ్చి వరండాలో వేశాడు.

సారక్క పిలవగానే పెద్దాయన గడ్డం గీసుకుని వచ్చి కూర్చున్నాడు. సారక్క పెట్టెలోంచి ఇస్త్రీ చొక్కా తీసిచ్చింది. భుజాల దగ్గర వదులైంది. “బీడీ ముట్టకు. నువ్వు దగ్గితే అంత పాడైతది,” అంది.

“పొద్దుగాల్నుంచి ముట్టలే,” అన్నాడాయన. అన్నాడే గానీ దగ్గు మాట వింటుందన్న ధీమా ఆయనకూ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు.

సారక్క అద్దం ముందుకు పోయి బొట్టు పెట్టుకుంది. అది వంకరైంది. తుడిచి మళ్ళీ పెట్టుకుంది. చందర్ అది చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

కాల్ వచ్చింది. మంచం మీద ఎముకల గూడులా ఉన్న తుల్సీరాం ఫోన్‌లోకి కళ్ళు చిట్లించి చూశాడు.

“మిషన్ వాడింది నువ్వేనా అన్నా?”

“అవ్.”

“మంచిగున్నవా?”

“కనిపిస్తలేదా? ఇగో, నడుస్త చూడు.” ఆయన వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకు నడిచాడు. తిరిగొచ్చేసరికి దగ్గు పొంగుకొచ్చింది. పెదాలు బిగించి ఆపబోయాడు, ఆగలేదు. సారక్క గబుక్కున ఫోన్ ముందుకు వచ్చి, “నీళ్ళు తాగు, పొలమారింది,” అంది.

తుల్సీరాం నెమ్మదిగా అడిగాడు. “రాత్రిపూట ఆ చప్పుడుకు భయం కాలేదా అన్నా?”

పెద్దాయన సారక్క వైపు చూశాడు.

“మొదట్ల అయితది,” అంది సారక్క. “ఎవలన్న చెయ్యి పట్టుకొని పక్కన కూసుంటే నిద్ర పడతది. తర్వాత ఆ చప్పుడు లేకపోతెనే భయమైతది.”

ఆ మాటకు అవతల తుల్సీరాం కళ్ళు తుడుచుకున్నాడు. “పంపుండ్రి,” అన్నాడు.

ఇక క్షణం ఆగలేదు. మిషన్‌కు తగిలించే సీసాలో నీళ్ళు వంపి ఆరబెట్టారు. ఫిల్టర్ కడిగారు. ముక్కుకు పెట్టే పాత గొట్టం పారేసి, మందుల షాపు నుంచి కొత్తది తెచ్చారు. మిల్లు ఊళ్ళో అట్టపెట్టెకు కరువేముంది? మిషన్‌కు బొంత చుట్టి పెట్టెలో నిలబెట్టి, సందుల్లో కాగితాలు కుక్కారు. పైన బాణం గుర్తు వేశారు. పై కాగితం ఊడిపోయినా దారి తప్పకుండా అడ్రసు లోపల కూడా పెట్టాడు చందర్. అదంతా వీడియో తీశాడు. ఆటోలో గోదావరి వంతెన దాటుతుంటే పెట్టె పక్కకు ఒరగకుండా సారక్క రెండు చేతులా పట్టుకునే కూర్చుంది.

భద్రాచలం బస్టాండులో పార్శిల్ ఎక్కింది. రసీదు ఫొటో తీసి జ్యోత్స్నకు పంపారు. బస్సు మలుపు తిరిగేదాకా ముగ్గురూ అక్కడే నిలబడ్డారు. చందర్ ఆటో కోసం ముందుకు నడిచాడు.

“ఆ మనిషి మనలను నమ్మి పెట్టుకుంటడు,” అంది సారక్క చిన్న గొంతుతో. “తప్పు చేసినమా?”

పెద్దాయన జేబులోంచి బీడీ తీశాడు. వెలిగించకుండా కాసేపు వేళ్ళ మధ్య తిప్పాడు.

“అన్న బతికున్నా గిట్లనే చెయ్యమంటుండె, వదినా.”